ఎవరికి భయపడి కొన్నావు బావా

కాశీబుగ్గ,
12-11-2001

ప్రియమైన ఫిలిప్పు బావకి,

క్షేమ సమాచారాలు అడిగే ఓపిక ఇవాళ లేదు. వచ్చేసింది. పిస్తోలు వచ్చేసింది. ఫోనులో చెబుదామంటే ఫ్యాక్టరీ ఫోను దగ్గర పది చెవులుంటాయి, మీ వెల్డింగు షెడ్డులో ఫోనే లేదు. అందుకే ఈ కవరు.

నిన్న విశాఖపట్నం దుకాణంలో తీసుకున్నాను. విశాఖ దాకా వచ్చి, గాజువాకలో ఉన్న నిన్ను చూడకుండా పోయానని తిట్టుకోకు. రైలుకి వేళైపోయింది.

ముప్పై రెండు బోరు. నేను అనుకున్నదానికంటే చాలా చిన్నది. పెట్టె మూత తీయగానే కుట్టుమిషను నూనె వాసన కొట్టింది. చేతిలోకి తీసుకున్నాక గానీ బరువు తెలియలేదు. పైన స్లయిడ్ అని ఒక భాగం ఉంటుంది, దాన్ని వెనక్కి లాగి వదలాలి. లాగాను, కదల్లేదు. ఇన్నేళ్లుగా జీడిపిక్కల బస్తాలు మోసిన చేతులు బావా ఇవి. దుకాణం ముసలాయన రెండు వేళ్లతో టక్కున లాగి చూపించాడు. అక్కడున్న వాళ్లందరి ముందూ తల తీసేసినట్టయింది. ఒకసారి లాగితే చాలట. తర్వాత నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది, రెండోది దానంతటదే ఎక్కుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే అదేనట. లోపల ఎనిమిది పడతాయి. పక్కన సేఫ్టీ అని చిన్న మీట ఉంది. అది వేసి ఉందో లేదో అని రైల్లో పలాస వచ్చేదాకా చేత్తో తడుముకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ నాకేదో కడుపునొప్పి అనుకుని సోడా తాగమంది.

దర్జాగా ఉంటుందనుకున్నాను గానీ నడుముకి పెట్టుకుంటే ప్యాంటు ఒక పక్కకి జారిపోతోంది. స్కూటరెక్కితే పొట్టలో గుచ్చుకుంటోంది. మోహిని అయితే ముట్టుకోనే లేదు. దూరం నుంచి చూసి, "నా సీరల బీరువాలో మాత్రం ఎట్టకు" అని వంటింట్లోకి పోయింది.

వేసవిలో మా ఫ్యాక్టరీ గేటుకి అడవిలో అన్నల పేరుతో బెదిరింపు కాయితం అంటించి పోయారు కదా, అప్పటి నుంచీ అన్నం సయించలేదు నాకు. ఇప్పుడు కాస్త ధైర్యంగా ఉంది. లైసెన్సు మాత్రం పెద్ద భాగవతం. టెక్కలిలో అర్జీలు రాసే ఢిల్లీరావు నడిపించాడు. అన్నట్టు, మధ్యలో పోలీసు స్టేషను నుంచి ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఉంటే మనసులో పెట్టుకోకు. చుట్టుపక్కల వాళ్లని అడగడం మామూలేనట.

దయామణి చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ మాట కోసం చూస్తుండే,
మోహనకృష్ణ


గాజువాక,
2-12-2001

ప్రియమైన మోహనా,

నీ పిస్తోలు పురాణం చదివి షెడ్డులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. టెక్కలిలో ఇంటర్ చదివేటప్పుడు గదిలోకి తొండ వస్తే మంచమెక్కి నన్ను కేకేసినవాడివి. నీ నడుముకి తుపాకీనా? జారిపోతున్న ప్యాంటు పైకి లాక్కుంటూ నువ్వు కాశీబుగ్గ బజార్లో నడవడం ఒకసారి చూడాలి.

సేఫ్టీ వేసి ఉంచు. మా పనిలో కూడా అంతే, గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేశాననుకుని కట్టనివాడికే కాలుతుంది.

నా కబురు కూడా ఉంది. దుబాయిలో ఓడలు బాగుచేసే యార్డుకి వెల్డర్లు కావాలని ఇక్కడ పరీక్ష పెట్టారు. నూట ఇరవై మందిలో పదకొండు మందిని తీసుకున్నారు, నేనొకణ్ణి. వెల్లకిలా పడుకుని పైనున్న పైపుకి అతుకు వేయమన్నారు. వేశాను. చూసినాయన వేలితో తడిమి నా పేరు రాసుకున్నాడు. ఆ తడమడంతోనే తెలిసిపోయింది నాకు. పాస్‌పోర్టుకి పెట్టాను, నాలుగైదు నెలల్లో వస్తుందన్నారు. కంచిలిలో ఇంటిమీద రేకులు తీసి స్లాబు వేయిస్తానని దయామణికి ఎప్పుడో మాటిచ్చాను. అంగన్వాడీలో చెప్పే పిల్లలందరికీ అప్పుడే చెప్పేసిందట.

స్టేషను వాళ్లు జూన్‌లో నేను కంచిలి వెళ్లినప్పుడు పిలిచారు. ఏవో అడిగారు, చెప్పాను, వచ్చేశాను.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇంత అవస్థపడి, అసలు ఎవరికి భయపడి కొన్నావు బావా?

తీరిక చేసుకుని రాస్తావని,
ఫిలిప్పు


కాశీబుగ్గ,
24-3-2002

ప్రియమైన ఫిలిప్పు బావకి,

ఇన్నాళ్లూ రాయనందుకు నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. పిక్కల సీజను మొదలైంది, ఊపిరాడటం లేదు. ఎవరికి భయపడి అని అడిగావు. అన్నలకి కాక ఇంకెవరికి? నీకు తెలియని సంగతా?

దాన్ని పేల్చాను బావా. ఎవరి మీదా కాదులే. కొని నాలుగు నెలలైంది, అది పనిచేస్తుందో లేదో కూడా తెలియకుండా నడుముకి కట్టుకు తిరగడమేమిటని, మొన్న కంచిలి తోటకి వెళ్లినప్పుడు సముద్రం వైపు ఇసుక మేటలోకి ఒకటి పేల్చాను. చెయ్యి పైకి ఎగిరింది. చెవులు గీ అని మోగాయి. కాల్చిన గుండు తొడుగు ఎగిరొచ్చి చొక్కా కాలర్లో పడి మెడ చురుక్కుమంది. ఆ ఎనిమిదీ గబగబా పేల్చేయాలనిపించింది. వేలు దానంతటదే బిగుసుకుంటోంది. సేఫ్టీ వేసి ఇసుకలో కూర్చుండిపోయాను.

పిక్కలు ఏరే రత్నాలమ్మ అక్కడుందని నేను చూసుకోలేదు. నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. బుట్ట పక్కన చతికిలబడి ఉంది. లేపబోతే నా చెయ్యి పట్టుకోలేదు. "ఇంత సిన్నదానికి అంత సప్పుడేటి" అంది, అంతే. మొన్నటిదాకా ఒరే మోహనా అని పిలిచేది. ఆ రోజు నుంచి బాబుగారూ అంటోంది.

అందరూ అంతే. టీ కొట్టులో బెంచీ ఖాళీ చేసేస్తారు. నేను ఏం చెప్పినా అవునవును అంటారు. మొదట్లో బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని నాతో గొడవపడే మనిషి లేడు. నువ్వే ఉంటే పడేవాడివి.

దుబాయి కబురు విని చాలా సంతోషించాను. పాస్‌పోర్టు విచారణ అంటే ఏమిటో సరిగ్గా రాయి. ఏ స్టేషనుకి వస్తుంది? పాత కాయితాలన్నీ చూస్తారా?

ఎప్పటికీ నీ,
మోహనకృష్ణ


గాజువాక,
19-6-2002

ప్రియమైన మోహనా,

పాస్‌పోర్టు ఆగిపోయింది. ఆఫీసు నుంచి కాయితం కంచిలి ఇంటికి వెళ్లింది. నాకంటే ముందు దయామణి విప్పి చదివింది. నేను ఒక మనిషిని చంపుతానని బెదిరించినట్టు పోలీసు రిపోర్టు ఉందట. ఎవరిని, ఎప్పుడు అని లేదు.

నువ్వు స్టేషనుకి వెళ్లివస్తుంటావు, అక్కడ నిన్ను కూర్చోబెట్టి మాట్లాడతారు. నా మీద ఏం రాసి ఉందో, ఎవరిచ్చారో కనుక్కుని నాకు రాయగలవా? యార్డు వాళ్లు ఆగస్టు ఆఖరు దాకా ఆగుతామన్నారు. అంతలో ఆ రాసినవాళ్లు వెళ్లి అది నిజం కాదని ఒక్క ముక్క చెబితే చాలునట, ఇక్కడ ఏజెంటు చెప్పాడు.

దయామణి నన్ను ఏమీ అడగడం లేదు. సెలవుకి వెళ్తే పళ్లెం పెట్టి పక్కకి వెళ్లిపోతోంది. మొన్న మాత్రం తలుపు దగ్గర నిలబడి ఒకే మాటంది. "నువ్వా మాట అన్నావా, అనలేదా, అదొక్కటీ సెప్పు." నేను పళ్లెం కడిగి పెట్టి గాజువాక బస్సెక్కేశాను.

నీ జవాబు కోసం,
ఫిలిప్పు


కాశీబుగ్గ,
5-8-2002

ప్రియమైన బావకి,

ఆలస్యమైంది, క్షమించు. స్టేషనులో అడిగాను. ఫైలు పై ఆఫీసుకి వెళ్లిపోయిందన్నారు. తెలిసినవాళ్ల చేత చెప్పిస్తాను, నువ్వేమీ దిగులుపడకు. దుబాయి కాకపోతే ఇంకోటి. అవసరమైతే మా ఫ్యాక్టరీలో బాయిలర్ పనులన్నీ నీకే అప్పగిస్తాను, ఇంటి దగ్గరే ఉండొచ్చు.

ఎక్కువ రాయలేకపోతున్నాను.

మోహనకృష్ణ


కంచిలి,
28-12-2002

ప్రియమైన మోహనా,

ఆ పదకొండు మందిలో పదిమంది వెళ్లిపోయారు. గాజువాకలో కాంట్రాక్టు కూడా అయిపోయింది. ఇంటికొచ్చేసి ఇక్కడే కిటికీ గ్రిల్లులు, గేట్లు చేస్తున్నాను. నీ ఫ్యాక్టరీ పని వద్దు. మంచి మనసుతోనే అన్నావు, నాకు తెలుసు.

క్రిస్మసుకి పులిహోర పంపిన మోహినమ్మకి థాంక్సు చెప్పు. నువ్వే తెస్తావనుకుని దయామణి కుర్చీ కూడా తుడిచి పెట్టింది. డ్రైవరు వచ్చాడు.

మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారని, రొట్టె, ద్రాక్షరసం పళ్లెంలో పంచుతారని నీకు తెలుసు. చిన్నప్పుడు నాతో వచ్చి, నాకూ ఆ రొట్టె కావాలని గొడవ చేసేవాడివి. ముందురోజు శనివారం సిద్ధపాటు కూడిక ఉంటుంది. ఎవరి మీదైనా కోపముంటే ఆ రోజు వాళ్లింటికి వెళ్లి మాట్లాడుకుని సర్దుకోవాలి, అలా సర్దుకోనివాళ్లు బల్ల ముట్టకూడదు. మా నాన్న హయాం నుంచీ ఇక్కడ అంతే. నేను పద్దెనిమిది నెలలుగా ముట్టడం లేదు. గాజువాకలో ఉన్నప్పుడు ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు పళ్లెం నా ముందుకొస్తే పక్కవాళ్లకి అందిస్తున్నాను. ఊరంతా చూస్తోంది. పోలీసు రిపోర్టు నిజమే కాబోలు, అందుకే మనసు ఒప్పుకోవడం లేదు అనుకుంటున్నారు. దయామణి కూడా అదే అనుకుంటోంది. పోయిన నెల నుంచి నా పక్కన కాక, ఆడవాళ్ల వరసలో వెనక్కి వెళ్లి కూర్చుంటోంది.

మళ్లీ అడుగుతున్నాను. ఎవరికి భయపడి కొన్నావు?

ఫిలిప్పు


కాశీబుగ్గ,
9-3-2003

ప్రియమైన ఫిలిప్పు బావకి,

ఆ పిలుపు వాడే అర్హత నాకు లేదు. చేతికి వేరే పిలుపు రావడం లేదు, అందుకే అలాగే రాస్తున్నాను. నీ ఉత్తరానికి ఇది ఆరో జవాబు. ముందరివి అయిదూ చించేశాను. చదవడం మధ్యలో ఆపేయకు, ఆఖరుదాకా చదివి తిట్టు.

ఆ పేరు రాసింది నేనే.

లైసెన్సుకి అర్జీ పెట్టాలంటే ప్రాణభయం ఉందని రాయాలి. టెక్కలిలో ఢిల్లీరావు దగ్గర కూర్చుని అన్నల కాయితం సంగతి చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టేశాడు. "అన్నల పేరు రాత్తే ముందు పోలీసోల్లు నిన్నే పిలుత్తారు బాబూ, ఆల్తో నీకు ఏటి సంబందమని. ఆ మాట ఆల్ల సెవిన పడితే ఇంకేటి లేదు. ఊల్లో గొడవపడ్డ మనిసి పేరొకటి సెప్పు, సాలు" అన్నాడు.

నాతో గొడవపడ్డవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు బావా. వాళ్లలో ఎవరి పేరు చెప్పినా నిజంగానే పగ పెరుగుతుంది, రేపు పొద్దున్న ఎదురుపడితే ఏం చేస్తారో అని భయం వేసింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మన తోటల మధ్య కంచె దగ్గర, నేను హద్దు రాళ్లు నీ అరెకరంలోకి జరిపానని, కూలీలందరి ముందూ "నీ అంతు సూత్తాను" అన్నావు కదా. వారం తిరక్కుండా మా ఇంట్లోనే చేపల పులుసుతో అన్నం తిన్నాం. ఆ మాట రాయించాను. అక్కడున్న కూలీలు సాక్ష్యం చెబుతారని కూడా రాయించాను. మనవాడి పేరే కదా, మనవాడు ఏమీ అనుకోడు, ఎక్కడో విశాఖపట్నంలో ఉన్నాడు, కాయితం కాయితంగానే ఉండిపోతుంది అనుకున్నాను. పరాయివాడి పేరు రాయడానికి భయపడి నీ పేరు రాశాను. దగ్గరివాడివి కాబట్టే నీ గొంతు మీద కాలు పెట్టాను.

విశాఖ దాకా వచ్చి నిన్ను చూడకుండా పోయింది రైలు కోసం కాదు. ఆ రోజు రైలుకి ఇంకా మూడు గంటలుంది. ఆ పెట్టె చేతిలో పట్టుకుని నీ ముందు నిలబడలేకపోయాను.

నీ పాస్‌పోర్టు ఆగిందని రాసిన రోజు ఉత్తరం జేబులో పెట్టుకుని స్టేషను మెట్ల దాకా వెళ్లాను. జూలైలో మరోసారి వెళ్లాను. లోపలికెళ్లి అది అబద్ధమని చెబితే లైసెన్సు పోతుంది, పిస్తోలు తీసేసుకుంటారు, తప్పుడు అర్జీ పెట్టానని నా మీద కేసు కడతారు. మెట్ల మీద నిలబడి నడుము తడుముకున్నాను. అంతే బావా, వెనక్కి తిరిగి వచ్చేశాను. ఫైలు పై ఆఫీసుకి వెళ్లిందని నీకు రాసింది శుద్ధ అబద్ధం. నేను అడగనే లేదు. నీ బతుకూ అదీ పక్కపక్కన పెట్టుకుని నేను దాన్ని ఉంచుకున్నాను. అన్నల నుంచి ఆ తర్వాత ఒక్క కాయితం రాలేదు, ఒక్క మనిషి రాలేదు. దాన్ని చూసి భయపడింది రత్నాలమ్మ ఒక్కత్తే.

నిన్న మోహినికి చెప్పాను. అన్నం కలుపుతున్నదల్లా చెయ్యి కడిగేసుకుంది. "ఆ మనిసి ఇంటికి నాసేత పులిహోర పంపించావా" అంది. 

అర్జీలో రాసినదంతా అబద్ధమని, నువ్వు నన్ను ఏనాడూ బెదిరించలేదని ఒక కాయితం రాశాను. నా చేత్తోనే, ఢిల్లీరావు చేత కాదు. నకలు ఇందులో పెట్టాను. నువ్వు సరేనంటే స్టేషనులో ఇచ్చేస్తాను, పిస్తోలుతో సహా. నా మీద ఏ కేసు కట్టినా పడతాను. దుబాయి పోయింది, దాన్ని నేను తేలేను. ఏం చేస్తే నీకు కాస్త న్యాయం జరుగుతుందో నువ్వే చెప్పు.

తలెత్తి సంతకం చేయలేని,
మోహనకృష్ణ


కంచిలి,
30-3-2003

ప్రియమైన మోహనా,

నీ ఉత్తరం దగ్గర దగ్గర మూడు వారాలు జేబులో పెట్టుకు తిరిగాను. కోపంతో కాదు. ఇందులో నేను చెప్పాల్సింది కూడా ఉంది, అదెలా రాయాలో తెలియలేదు.

నాకు ముందే తెలుసు. నువ్వు పిస్తోలు కొనకముందు, జూన్‌లో స్టేషనుకి పిలిచినప్పుడే నీ అర్జీ నాకు చదివి వినిపించారు. కింద నీ సంతకం చూపించారు. టెక్కలిలో నా రికార్డు పుస్తకాల మీద కూడా నీ సంతకమే గీకేవాడివి, నేను గుర్తుపట్టనా? ఎస్సై మంచివాడే. "నువ్వు అనలేదంటే ఈ అర్జీ తప్పుడుదని ఆయన మీద రాయాలి. అన్నావంటే ఇంకోసారి అననని సంతకం పెట్టి వెళ్లిపో. ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

అన్నానండి అన్నాను. చంపుతానన్నావా అని అడిగాడు. అవునండి, కోపంలో అన్నాను అని సంతకం పెట్టాను.

నిన్ను కాపాడటానికే అలా చెప్పానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. అప్పటికి దుబాయి లేదు, పాస్‌పోర్టు లేదు, ఒక సంతకంతో పోతుందనుకున్నాను. మనవాడే కదా అని నువ్వు రాశావు, మనవాడే కదా అని నేను ఒప్పుకున్నాను. అందుకే పాస్‌పోర్టు ఆగినప్పుడు ఎవరి దగ్గరికీ వెళ్లలేకపోయాను. ఏమని చెప్పను, అప్పుడు పెట్టిన సంతకం అబద్ధమనా? నువ్వు వెళ్లి చెబుతావని చూశాను. ఎవరికి భయపడి కొన్నావని రెండుసార్లు అడిగాను. నీ నోటితో నువ్వు చెప్పాలని. చెప్పి ఉంటే ఆ రోజే కోపం పోయేది. అన్నలకి అని నువ్వు రాసిన ఉత్తరం చదివిన రోజున మాత్రం నిన్ను నిజంగానే కొట్టాలనిపించింది.

బల్ల ముట్టనిది అందుకే. నీ మీద కోపం పెట్టుకుని ముట్టలేను. నీ దగ్గరికొచ్చి ఎందుకిలా చేశావని అడిగితే పోయేది కదా అంటావేమో. అడిగితే నువ్వు దొరికిపోతావు. దొరకబుచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, నువ్వే రావాలి. అదే నా మొండితనం. దయామణికి కూడా చెప్పలేదు. చెబితే ఆమె దృష్టిలో నువ్వు పోతావు, చెప్పకపోతే నేను పోతాను. నేను పోవడానికే ఒప్పుకున్నాను, ఏ మహా త్యాగమో చేస్తున్నట్టు. పక్కనుండే మనిషిని తొమ్మిది నెలలుగా ఏడిపించడం త్యాగమెలా అవుతుందో నాకే తెలియడం లేదు.

నీ కాయితం స్టేషనులో ఇవ్వడానికి నా అనుమతి అడగకు. ఇస్తే నేను కూడా వచ్చి నా సంతకం అబద్ధమని రాసిస్తాను. ఇద్దరి మీదా ఏదైనా రాస్తే రాసుకోనీ. పిస్తోలు ఉంచుకుంటావో ఇచ్చేస్తావో నీ ఇష్టం.

నేను అడిగేది ఒక్కటే. వచ్చే శనివారం సిద్ధపాటు కూడిక. సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రా. డ్రైవర్ని పంపకు. దయామణి ఎదురుగా కూర్చుని, ఆ అర్జీ సంగతి మొదటి నుంచి ఆఖరుదాకా నీ నోటితో చెప్పు. నేను పక్కనే ఉంటాను, మధ్యలో మాట్లాడను. ఆ రోజు మాత్రం నడుముకి అది పెట్టుకురాకు. పెట్టుకొస్తే నువ్వింకా నాకు భయపడుతున్నావనే అనుకుంటుంది.

ఇంకొకటి ఉంది మోహనా. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు వరసగా నిలబడతాయి. మా రేకుల ఇంటికి ఎదురుగా నీ తోట. ఆ రోజు స్టేషనులో, మోహనకృష్ణ గారికి ఈ ఫిలిప్పు వల్ల ప్రాణభయం ఉన్నది అని ఎస్సై పైకి చదివినప్పుడు నాకు బాధ తర్వాత వేసింది. ముందు సంతోషం వేసింది. అంత పెద్దవాడు నాకు భయపడుతున్నాడని కాయితం మీద ఉంది కదా అని. అవునండి అన్న మాటలో అది కూడా ఉంది. ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

శనివారం నువ్వు నీది చెప్పు. ఇది మాత్రం చెప్పకు. దయామణికి ఇది నేనే చెప్పాలి.

నాలుగింటికి గుమ్మంలో ఉంటాను.

నీ బావ,
ఫిలిప్పు